కొండకు ఒదిగిన ఇల్లు

“దుడ్లు అయిపోయినాయా వదినా? గోడలకు పూత కూడా వేయించలేదే!”

గృహప్రవేశానికి వచ్చి ఈ మాట అడిగినవాళ్లలో ఈమె ఏడోది. కన్యకమ్మ నవ్వలేక నవ్వింది.

పెనుకొండ కొండవాలులో తాము కట్టుకున్న ఈ ఇంటికి ప్లాను గీసింది ఆమె కూతురు శ్రావ్య. ఆర్కిటెక్చర్ చదువు ముగించాక చేసిన మొదటి పని. పూత లేని కొండరాయి గోడలు, బోదగడ్డి కప్పు, కిటికీల బదులు వెడల్పాటి గాలిసందులు. హాలు మధ్యలో వేపచెట్టును కొట్టకుండా అలాగే నిలబెట్టింది.

“అడవిలో కట్టిన ఇల్లు అడవిలో కలిసిపోవాల,” అంటుంది శ్రావ్య.

“కలిసిపోయిందిలే. మీ పెదమామ ఇల్లు యాడుందో కనపడక అరగంట తిరిగినాడు,” అన్నాడు వాళ్ల నాయన పాండురంగ.

హిందూపురంలో ఆయనకు స్టీలు సామాన్ల అంగడి. కూతురికి ముందే చెప్పేశాడు. “ఈ పొద్దు ఒక్కరైనా ఇట్లాంటిది కట్టియ్యమంటే సరి. లేదంటే రేపట్నించి అంగట్లో కూర్చో.”

భోజనాలయ్యాయి. విస్తళ్లు ఎత్తేశారు. ఎవరూ అడగలేదు.

అప్పుడు చూసింది కన్యకమ్మ. కనగానపల్లి పెద్దరైతు రామాంజినేయులు ఇంటి చుట్టూ మూడోసారి తిరుగుతున్నాడు. గోడ నిమిరాడు. చెంబుడు నీళ్లు నేల మీద పోసి, వంగి చూశాడు.

“ఒక్క బొట్టు నిలవలేదే!”

“వాలు పెట్టినాం మామా. కడిగితే అంతా బయటికే పోతాది,” అంది శ్రావ్య ఊపిరి బిగబట్టి.

“నేల మీది రాయి గరుకుగా ఉండాది. కాలు జారదు.”

“అందుకే నునుపు చేయించలేదు.”

“గాలి బాగా ఆడతాండాది. పైన చెట్టు నీడ. ఇంత ఆలోచించి ఎవరు కడతారు తల్లీ!”

శ్రావ్య కళ్లలో నీళ్లు తిరిగాయి. విన్నావా అన్నట్టు కన్యకమ్మ మొగుడి వైపు చూసింది.

“నాకూ అచ్చం ఇట్లాంటిదే కట్టియ్యి. ముప్పైకి సరిపోవాల,” అన్నాడు రామాంజినేయులు.

ఎంత పెద్ద ఉమ్మడి కుటుంబమో అనుకుంది కన్యకమ్మ.

“నడుమ అడ్డుగోడలు మాత్రం వద్దు. అంతా ఒకటే.”

“ఓపెన్ ప్లాన్!” శ్రావ్య ఎగిరి గంతేసినంత పని చేసింది.

“సోమవారం మంచిది. వచ్చి ముగ్గు పొయ్యి.”

పాండురంగ గొంతు సవరించుకున్నాడు. “సరేలేమ్మా, అంగడి నేనే చూసుకుంటాలే.”

శ్రావ్య గబగబా పుస్తకం తెరిచింది. “మరి బెడ్‌రూములు ఎన్ని వేయమంటారు మామా?”

రామాంజినేయులు తెల్లబోయాడు.

“గొడ్లకు బెడ్‌రూములెందుకు తల్లీ?”