వెనక ఫుట్‌రెస్టులు

స్పితి కొండల్లో పన్నెండు రోజులు ఒంటరిగా బైకు నడిపి వచ్చిన వంశీధర్, సర్వీసింగుకని పంజాగుట్టలో సాయిలు షెడ్డుకు వెళ్లాడు. బయల్దేరే ముందు, గతుకుల్లో చప్పుడు చేయకుండా వెనక ఫుట్‌రెస్టులను మడిచి తీగతో కట్టి పంపింది సాయిలే. ఇప్పుడు ఆ తీగల్లేవు. ఫుట్‌రెస్టులు రెండూ తెరుచుకుని ఉన్నాయి. వాటి రబ్బరు మీద బూటు బురద ఎండిపోయి ఉంది.

"ఎనక ఎవరన్న కూసున్నరా అన్నా?"

"ఎవరూ లేరు సాయిలూ. మలుపు వచ్చినప్పుడల్లా 'గట్టిగా పట్టుకో' అని నాకు నేనే చెప్పుకున్నాను. భయమన్నదే తెలీలేదు," అని నవ్వాడు వంశీధర్.

సాయిలు నవ్వలేదు. "గట్ల పైకి అనొద్దుండెనే," అంటూ ఫుట్‌రెస్టులు మడిచి, కొత్త తీగతో రెండు చుట్లు ఎక్కువే బిగించాడు.

పని పూర్తయ్యేసరికి రాత్రి పదకొండు దాటింది. మెట్రో పట్టాల కింద రోడ్డు ఖాళీగా ఉంది. అంతంత కొండలెక్కినవాడికి అమీర్‌పేట ఒక లెక్కా! వంశీధర్ ఈల వేసుకుంటూ బయల్దేరాడు.

ఎడమ కాలి వెనక టక్కుమంది. కాసేపటికి కుడివైపూ టక్కుమంది. బైకు వెనకభాగం మెల్లగా కిందికి కుంగింది.

గదికి వెళ్లే సందు మలుపు వచ్చింది. ఈసారి అతను పెదవి విప్పలేదు.

అయినా నడుము దగ్గర చొక్కా గట్టిగా బిగుసుకుంది.