బాయిలరు ముందు తుమ్మిన పిల్లి

ఒక ఇంటి పెరట్లో నీళ్ళు కాచుకునే రాగి బాయిలరు ఉండేది. చలికి ఓర్వలేక ఒక చిట్టెలుక వెచ్చగా ముడుచుకుందామని దాని పొగగొట్టంలోకి దిగింది. మసికి కాళ్ళు జారి అడుగున బూడిదలో పడింది. పైకి ఎగబాకుదామంటే జారుడు. కింద బూడిద తీసే తలుపు తెరిచే ఉంది కానీ, దాని ముందేమో పిల్లి కూర్చుంది.

"రా అమ్మడూ, బయట ఎండ బాగుంది," అంది పిల్లి.

"నీ కడుపులో ఇంకా వెచ్చగా ఉంటుందిలే పిన్నీ!" అంది ఎలుక.

అంతలో ఇంటావిడ అచ్చమ్మ వచ్చి, బాయిలర్లో కొబ్బరి పీచు కుక్కి, అగ్గిపెట్టె తీసింది. ఎలుక ఎంత అరిచినా ఆ కిచకిచ ఆమె చెవిన పడలేదు. అయితే ఆ ఇంట్లో ఒంటి తుమ్ము వినబడితే ఎవరూ ఏ పనీ మొదలుపెట్టరని చూరులోంచి అది ఎన్నిసార్లు చూసిందో! చటుక్కున వెనక్కి తిరిగి, కాళ్ళతో బూడిదంతా పిల్లి ముఖాన చిమ్మింది.

"హాఛ్!"

అచ్చమ్మ చెయ్యి ఆగిపోయింది. "పొద్దున్నే ఒంటి తుమ్మా! నీ నోట్లో మన్నుపడ!" అని పిల్లిని తిట్టి, మంచినీళ్ళు తాగి వద్దామని లోపలికి వెళ్ళింది. పిల్లి కళ్ళు నులుముకుంటుంటే ఎలుక దాని మీసాల పక్కనుంచే దూసుకెళ్ళి గోడ కన్నంలో దూరింది.

అప్పుడొచ్చింది పిల్లికి రెండో తుమ్ము.

"ఆఁ, రెండయ్యాయి, ఇక ఫరవాలేదు," అంటూ అచ్చమ్మ వచ్చి పుల్ల గీసింది.

గోడ కన్నం చల్లగానే ఉంది. అయినా ఎలుకకు ప్రాణం హాయిగా ఉంది.

"నిండు నూరేళ్ళు బతుకు పిన్నీ!" అని లోపల్నుంచి దీవించింది.