గడియారం బస్సులో చిల్లుకుండ

దగ్గరికి జరగండి. ఇది గట్టిగా చెప్పుకునే సంగతి కాదు. అలాగని దాచుకునేదీ కాదు.

ఒక బస్సు డ్రైవరుండేవాడు. అందరూ అతన్ని ‘గడియారం’ అనేవాళ్ళు. అతని బస్సు మలుపు తిరిగిందంటే కొట్లవాళ్ళు టైము సరిచేసుకునేవాళ్ళు.

ఆ పేరంటే అతనికి ప్రాణం.

దారిలో ఆగాల్సి వస్తుందని పొద్దున్నుంచీ గుక్కెడు నీళ్ళు ముట్టేవాడు కాదు. ఒంటికొస్తే పళ్ళ బిగువున ఆపుకునేవాడు.

కొన్నాళ్ళకి మంట మొదలైంది. ఒంటికి కూర్చుంటే నిప్పులు పోసినట్టుండేది. చుక్క చుక్కగా వచ్చేది, లేచాక మళ్ళీ వచ్చినట్టే ఉండేది.

“వేడి చేసింది,” అన్నాడు పెళ్ళాంతో. మనవాళ్ళకి ఆ ఒక్క మాటలో రోగాలన్నీ ఇమిడిపోతాయి కదా!

“డాక్టరుకి చూపించుకోండి.”

“ఏమని చూపించుకోను? అది ఆడవాళ్ళ జబ్బు.”

అదిగో, ఆ రోజుల్లోనే ఎక్కాడు ఆ ముసలాయన. వాచిన కాళ్ళు, భుజాన సంచి, చేతిలో చిన్న నీళ్ళ సీసా. డ్రైవరు వెనక సీట్లో కూర్చుని, అతను మెలికలు తిరగడం చూసేవాడు. రోజు విడిచి రోజు ఎక్కి, పెద్దాసుపత్రి దగ్గర దిగేవాడు.

మొదటి రోజే, సగం దారిలో పెట్రోలు బంకు కనపడగానే లేచాడు.

“ఆపు నాయనా! ఆగట్లేదు.”

బస్సంతా ఘొల్లున నవ్వింది.

“ఇంటి దగ్గరే కానిచ్చుకుని రావచ్చుగా తాతా!” అన్నాడు కండక్టరు.

“ఇల్లు దాటాకే గుర్తొస్తుంది మరి. ముసలి కుండ, చిల్లు పడింది. ఏం చెయ్యను?”

ఆ మాటే పేరైపోయింది. చిల్లుకుండ.

వచ్చినప్పుడల్లా అదే కేక. బస్సు ఆలస్యమైతే అందరూ ఆయన్నే తిట్టేవాళ్ళు. డ్రైవరు పళ్ళు నూరుతూ ఆపేవాడు. ఎలాగూ ఆగింది కదా అని తనూ దిగేవాడు.

ముసలాయన బంకు మరుగుదొడ్లోకి వెళ్ళినట్టే వెళ్ళి ఇట్టే వచ్చేసేవాడు. సీసాలోంచి పెదాలు తడుపుకుని, మిగతాది డ్రైవరు ముందు పెట్టేవాడు.

“నాకిన్ని నీళ్ళెందుకు? మళ్ళీ కారిపోతాయి. నువ్వు తాగు.”

తాగేదాకా అక్కణ్ణించి కదిలేవాడు కాదు. చిల్లుకుండే గానీ, మొండిఘటం!

ఒకరోజు డ్రైవరు స్టీరింగు పట్టుకుని గజగజ వణుకుతున్నాడు.

“ఏంటి నాయనా?”

“ఏం లేదు. వేడి చేసింది.”

“వేడి చేస్తే చలెందుకు పుడుతుందిరా? నేను దిగే చోటే నువ్వూ దిగు. డాక్టరమ్మకి చూపిస్తాను.”

“ముందు నీ కుండకి మాటు వేయించుకో, వెళ్ళు!”

బస్సు నవ్వింది. ముసలాయన నవ్వలేదు.

“నువ్వు దిగేదాకా అడుగుతూనే ఉంటాను,” అని తను దిగాడు.

ఆ ట్రిప్పు చివర్లో డ్రైవరు కూలబడ్డాడు. కండక్టరే ఆటోలో వేసుకుని ఆసుపత్రికి పరిగెత్తాడు.

“మూత్రంలో ఇన్ఫెక్షను. కిడ్నీల దాకా పాకుతోంది,” అంది డాక్టరమ్మ.

“మగవాళ్ళకీ వస్తుందా అమ్మా?”

“మగవాళ్ళు పోసేది పన్నీరా? మగవాళ్ళకి వస్తే వెనక ఇంకేదైనా కారణముందేమో వెతకాలి కూడా. మందులు మధ్యలో మానకు. నీళ్ళు తాగు, ఆపుకోకు. నువ్వు చెప్పిన ఆ కాసిని నీళ్ళన్నా తాగబట్టి, దారిలో ఆ ఒక్కసారన్నా వెళ్ళబట్టి ఇంతటితో పోయింది.”

మందులన్నీ ఆఖరి బిళ్ళ దాకా మింగాడు. పరీక్షలన్నీ చేయించుకున్నాడు.

డ్యూటీలో చేరిన రోజునే పైవాళ్ళకి చెప్పేశాడు. “నా బస్సు రోజూ బంకు దగ్గర ఆగుతుంది. గడియారమన్న పేరు పోతే పోనీండి.”

పెద్ద సీసా కొని, నిండా నీళ్ళు పోసుకుని, ముసలాయన ఎక్కే చోట ఆపాడు.

లేడు.

మరో రెండు రోజులకీ లేడు.

ఆసుపత్రికే వెళ్ళి నర్సమ్మని అడిగాడు.

“ఒక పెద్దాయన వచ్చేవాడమ్మా. కాళ్ళు వాచి ఉంటాయి. అస్తమానూ ఒంటికి పోవాలంటాడు.”

“ఒంటికా? ఆయనా?” నర్సమ్మ వింతగా చూసింది. “ఆయనా మీలాగే బస్సు నడిపినవాడేనండీ. మంట దాచుకుని దాచుకుని రెండు కిడ్నీలూ పోగొట్టుకున్నాడు. ఇక్కడ మిషను మీద రక్తం శుభ్రం చేయించుకుంటూ బతికాడు. నీళ్ళు కూడా రోజంతటికీ ఒక చిన్న సీసాడే తాగాలన్నాం. పోయిన వారమే వెళ్ళిపోయాడు.”

డ్రైవరు చేతిలో సీసా నిండుగానే ఉంది.

ఇది గుర్తుపెట్టుకోండి, మీ ఇళ్ళల్లో మగవాళ్ళకి సిగ్గుపడకుండా చెప్పండి: ‘ఆపు నాయనా, ఆగట్లేదు’ అని బస్సంతా నవ్వేలా అరిచిన ఆ మనిషికి, అప్పటికి ఎన్నో ఏళ్ళుగా ఒక్క చుక్క కూడా రావడం లేదు.