గ్రూపుల పెట్టిన

"పొయ్యి ఇంకా ముట్టియ్యలేదేంది కాకా?"

బీర్కూర్ నుంచి ఆటోలో తెచ్చిన గుమ్మడికాయలను నవనీత్ బాన్సువాడ హనుమాన్ గుడి గేటు బయటే దించుతున్నాడు. మధ్యాహ్నం అన్నదానం. లోపల షెడ్డులో అన్నదాన కమిటీ అధ్యక్షుడు ఆశన్న ఒక్కడే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

"నన్నెందుకు అడుగుతున్నవ్? నేను రాజీనామా చేసి వారమైంది. కమిటీ వాట్సాప్ గ్రూపుల పెట్టిన."

"అవునా? నేను గూడ జై హనుమాన్ అని పెట్టినట్టున్న."

"అందరు గదే పెట్టిండ్రు. సదివినోడు ఒక్కడు లేడు. ఏమైంది ఆశన్నా, ఎందుకు ఇడిసిపెడుతున్నవ్ అని ఒక్కడన్న ఇంటికొచ్చి అడిగిండా? గిట్లుంటదా కమిటీ అంటే?"

నవనీత్ ఇంకో గుమ్మడికాయ దించాడు. తువ్వాల తీసి గుండు మీద చెమట తుడుచుకున్నాడు.

ఆ గుండు చూసి ఆశన్న కొంచెం మెత్తబడ్డాడు.

"వేములవాడ పోయొచ్చినవా? మీ నాయినను గూడ తీస్కపోయినవా? గేటు కాడ నిలవడ్డవేంది, లోపలికి రా."

"యేడాది దాక గుడి లోపలికి రావద్దు కాకా."

ఆశన్న కుర్చీలోంచి లేచాడు.

"ఎవరు పోయిండ్రు రా?"

"నాయిన."

"అరే! నాకు ఒక్క మాటన్న చెప్పద్దా?"

"గ్రూపుల పెట్టిన కాకా," అన్నాడు నవనీత్, ఆఖరి గుమ్మడికాయ దించుతూ. "అందరికన్న ముందు జై హనుమాన్ అన్నది నువ్వే."