ఒక్క మాత్రా మానలేదు

"మళ్ళీ వచ్చింది," అంది డాక్టరమ్మ చేతి తొడుగులు విప్పి బుట్టలో పడేస్తూ. "ఇది మూడోసారి."

బల్లకి ఇవతల కూర్చున్న పెద్దకోడలు సంచిని ఒళ్ళోకి లాక్కుంది. తెర వెనక చిన్నకోడలు బల్ల దిగి బట్టలు సర్దుకుంటున్న చప్పుడు వినిపిస్తోంది. ఏడో నెల. పోయినసారి ఆరో నెలలోనే ఉమ్మనీరు పోయి బిడ్డ దక్కలేదు. దానికీ ఈ మాయదారి ఇన్‌ఫెక్షనే కారణమన్నారు. భర్త పోయిన ఈ మూడేళ్ళలో పెద్దకోడలికి ఆశంటూ మిగిలింది తోడికోడలి కడుపులో పెరుగుతున్న ఆ నలుసు ఒక్కటే.

"మాత్రలు సరిగ్గా వేసుకున్నావా?"

"ఒక్కటీ మానలేదండీ!" తెర వెనకనుంచే అంది చిన్నకోడలు. "అక్క ఊరుకుంటేగా! రోజూ తనే మాత్ర తీసిచ్చి, నేను మింగి నీళ్ళు తాగేదాకా ఎదురుగా పోలీసులా నిలబడేది."

ఖాళీ స్ట్రిప్పులు తెమ్మన్నారు కదాని పెద్దకోడలు వాటిని సంచిలోంచి తీసి బల్ల మీద పెట్టింది. డాక్టరమ్మ అటూ ఇటూ తిప్పి చూసింది. రోజుకి రెండేసి, వారానికి సరిపడా పద్నాలుగు గుంటలూ ఖాళీ.

"అయితే క్రిములే మొండికేశాయన్నమాట. మామూలుగా యోనిలో ఉండే మంచి క్రిములు పుల్లటి ఆమ్లం పుట్టించి చెడ్డవాటిని పెరగనివ్వవు. వీటికి అదీ లెక్కలేదు. జిగురు పొర కప్పుకుని దర్జాగా కూర్చున్నాయి. పూర్తి మోతాదు పడ్డా చావలేదంటే ఇక ఈ మందు పనికిరాదు."

"మరి... బిడ్డో?" అంది పెద్దకోడలు.

"ఇంకో మందుంది, చాలా గట్టిది. మామూలుగా కడుపుతో ఉన్నవాళ్ళకి ఇవ్వను. బిడ్డకేమైనా కావచ్చు. ఇవ్వకపోతే ఈసారీ కాన్పు ముందే వచ్చేస్తుందేమోనని నా భయం."

ఈలోగా చిన్నకోడలు తెర తొలగించుకుని వచ్చి కుర్చీలో కూలబడింది.

"ఛీ, నాకే ఎందుకండీ ఈ పాడు జబ్బు? నలుగురికీ తెలిస్తే ఏమనుకుంటారు?"

"అనుకునేవాళ్ళ నోట్లో మన్ను పడ! సిగ్గుపడాల్సిందేముంది ఇందులో?" కసిరింది డాక్టరమ్మ. "ఎవరికైనా వస్తుంది. మగతోడు లేనివాళ్ళకీ వస్తుంది."

చీటీ ముందుకు లాక్కుని ఆ గట్టి మందు పేరు రాయబోయింది. పెద్దకోడలు ఒక్క ఉదుటున లేచి ఆమె చెయ్యి పట్టేసుకుంది.

"వద్దండీ, రాయకండి!"

"ఇదేంటమ్మా, చెయ్యి వదులు!"

వదల్లేదు. తోడికోడలి మొహం చూసే ధైర్యం చాలక గోడకేసి తల తిప్పుకుంది.

"రోజూ రెండింట్లో ఒకటి నేనే మింగానండీ, నాకూ ఇదే జబ్బు."