గేటవతలికి చేప

వేరే పార్కుకి అమ్మేసిన తిమింగలం పిల్లను ఎక్కించుకుని లారీ పొద్దున్నే వెళ్ళిపోయింది. అప్పట్నుంచి తల్లి ఓర్కా తిమింగలం ఖాళీ అయిన పిల్ల తొట్టి గేటుకు ముఖం ఆనించి అరుస్తూనే ఉంది.

"అటు చూడకు మార్లిస్, అలుసైపోతాం," అని ట్రైనరుతో అంటూ మేనేజరు డ్వేన్ కొలనుకు వీపు తిప్పి నిలబడ్డాడు. "అరుపు ఆపితేనే చేప."

"బిడ్డను లాక్కుంటే అరవక పాటలు పాడుతుందా?"

"మధ్యాహ్నం షో ఉంది. నీ సణుగుడు వినడానికి రారు జనం."

కాసేపటికి అరుపు ఆగింది. మార్లిస్ ఈల ఊది చేప విసిరింది. తిమింగలం మింగలేదు. నోట కరుచుకుని వెళ్ళి, గేటు ఊచల సందులోంచి పిల్ల తొట్టిలోకి తోసింది. తిరిగొచ్చి మార్లిస్ ముందు నోరు తెరిచింది.

డ్వేన్ అప్పుడు తిరిగాడు. "చూశావా, ఇంకోటి అడుగుతోంది! అప్పుడే మర్చిపోయింది."

"దానిక్కాదు డ్వేన్, పిల్లకి. వీపు తిప్పుకుని నిలబడితే నీకెలా కనిపిస్తుంది?"