పొగగొట్టం పక్క గది

ఆ ఇంట్లో దిగిన పదో రోజున మొదటి వాన పడింది.

ఇల్లాలు కిటికీ పక్కన మిషను ముందు కూర్చుని బడిపిల్లల చొక్కాలకి కాలర్లు కుడుతోంది. తలెత్తేసరికి గేటు అవతల ఒకామె నిలబడి ఉంది.

అరవై దగ్గర పడిన మనిషి. చేతిలో గొడుగుంది, తెరవలేదు. వాన మొహం మీద కొడుతున్నా ఇంటి కప్పుకేసి కన్నార్పకుండా చూస్తోంది.

"ఎవరు కావాలండీ?"

ఆమె పెదవులు కదులుతున్నాయి, ఏదో లెక్కపెడుతున్నట్టు.

"మిమ్మల్నే! ఎవరింటికొచ్చారు?"

అప్పుడు చూపు కిందికి దించింది.

"పొగగొట్టం పక్క గదిలో ఎవరు పడుకుంటారమ్మా?"

ఇల్లాలు మిషను ఆపేసింది.

అది పాప గది. ఆరేళ్ళ పాపకి అందులో ఒక్కర్తే పడుకోవడం ఇప్పుడిప్పుడే అలవాటు చేస్తున్నారు.

కిటికీ తలుపు ధడాలున మూసేసింది.

సాయంత్రం భర్తకి చెబితే నవ్వేశాడు.

"ఊళ్ళో పిచ్చివాళ్ళంతా నీకే కనిపిస్తారేం?"

"పిచ్చిదానిలా లేదండీ. అదే నా భయం."

మర్నాడు పాప గదిలో, కప్పు మీద అరచేయంత మరక తేలింది. పొగగొట్టానికి బాగా దూరంగా, తలుపు వైపు.

భర్త ఎవరో పనివాణ్ణి పిలుచుకొచ్చాడు. అతను మరకకి సరిగ్గా పైనున్న పెంకుల మీద తారు పూసి, "ఇక చుక్క దిగితే నన్నడగండి" అని చక్కా పోయాడు.

వారం తిరక్కుండా మళ్ళీ వాన.

తీగ మీది బట్టలు తీద్దామని పెరట్లోకి పరిగెత్తిన ఇల్లాలు మధ్యలోనే ఆగిపోయింది.

ఆ పెద్దామె ఈసారి గేటు దాటి లోపలికొచ్చింది. పాప గది గోడకి చెవి ఆనించి, కళ్ళు మూసుకుని నిలబడి ఉంది.

"ఏం చేస్తున్నారక్కడ?"

"లోపల నడుస్తోందమ్మా."

"ఏది?"

"నీళ్ళు."

ఇల్లాలికి వాన చప్పుడు తప్ప మరేమీ వినిపించలేదు.

"తారు పూసినచోట కాదు తల్లీ. మరక తలుపు దగ్గర కనిపిస్తుంది గానీ, నీళ్ళు దిగేది పొగగొట్టం మొదట్లో. అక్కడ గొట్టానికీ పెంకులకీ మధ్య రేకు వేస్తారు. ఇటుకల సందులో గాడి కొట్టి దాని అంచు లోపలికి దూర్చాలి. దూర్చలేదు. పైపైన అంటించి వదిలేశారు. ఇప్పుడది ఊడి నోరు తెరిచింది. నీళ్ళు దాని వెనకనుంచి దిగి, దూలం పట్టుకుని తలుపు దాకా పోతున్నాయి. దూలం లోలోపల కుళ్ళిపోతుందమ్మా."

"మరక తలుపు దగ్గరుందని మీకెవరు చెప్పారు?"

ఆమె కప్పు మీది తారు మచ్చకేసి చూసింది.

ఆ రోజు సెలవు కావడంతో ఇంట్లోనే ఉన్న భర్త అరుపులు విని బయటికొచ్చాడు.

"ఎవరు నువ్వు? ఇంటి ఆనుపానులు కనిపెడుతున్నావా? ఇంకోసారి ఈ ఛాయలకొస్తే పోలీసుల్ని పిలుస్తా!"

ఆమె గేటు దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది.

"పాప మంచం ఒక్కటి జరపండి బాబూ. అంతే చాలు."

భార్యాభర్తలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇంట్లో పాప ఉందని వాళ్ళు చెప్పలేదు.

"అమ్మా! ఆ మామ్మ నాకు టాటా చెప్పింది" అంది పాప కిటికీలోంచి.

ఆ సాయంత్రమే ఇల్లాలు మంచాన్ని ఒక్కర్తే హాల్లోకి ఈడ్చుకొచ్చింది.

"నువ్వూ నీ భయాలూ!" అన్నాడు భర్త.

తర్వాత ముసురు పట్టుకుంది. నాలుగు రోజులు ఒకటే జల్లు. ఆ పెద్దామె మాత్రం రాలేదు.

ఇల్లాలు కాలరు కాలరుకీ మిషను ఆపి గేటు వైపు చూసేది. పొమ్మని తరిమిన మనిషి రాకపోతే ఇంత గుబులెందుకో తనకే అంతుపట్టలేదు.

మూడో రోజున, మిషను ఆగిన నిశ్శబ్దంలో, గోడలోంచి చప్పుడు వినిపించింది. తడి నేల మీద ఎవరో ఉత్త పాదాలతో మెల్లగా నడుస్తున్నట్టు.

గోడ దగ్గరికెళ్ళి చెవి పెట్టింది. నడక ఆగలేదు.

నాలుగో రోజు మధ్యాహ్నం పాప గది కప్పు కూలింది.

పాప హాల్లో బొమ్మకి రంగులేసుకుంటోంది. గదిలో, మొన్నటిదాకా మంచం ఉన్నచోట, విరిగిన దూలం పెంకుల మధ్య పడి ఉంది. చెక్క ఎంత కుళ్ళిందంటే వేలితో నొక్కితే పిండిలా రాలింది.

భర్త పరుగున వచ్చి, గుమ్మంలోనే చతికిలబడ్డాడు.

మర్నాడు వాన తెరిపిచ్చింది. పొద్దున్నే ఒక ముసలి మేస్త్రీ నిచ్చెన మోసుకుని గేటు తీశాడు.

"పొగగొట్టం రేకు మార్చాలన్నారండీ."

"ఎవరన్నారు? మేమింకా ఎవరికీ కబురు పెట్టలేదే!"

"ఒకావిడ. ముసురు పట్టిన రోజున. వాన వెలవగానే ముందు ఈ ఇంటికే వెళ్ళమంది."

పైకెక్కి రేకు లాగాడు. ఎండుటాకులా ఊడొచ్చింది. వెనక గాడి లేదు.

"ఆవిడ ఎక్కడుంటారు?" ఇల్లాలు ఆత్రంగా అడిగింది. "మేమిద్దరం ఇప్పుడే వెళ్తాం. కాళ్ళు పట్టుకోవాలి."

"ఇంకెక్కడమ్మా? ఒళ్ళు తెలీకుండా వానల్లో నిలబడి నెమ్ము చేసింది. సోమవారం పోయింది."

ఇల్లాలు ఆవిడ చెవి ఆనించిన గోడకేసి చూసింది.

భర్త మేస్త్రీ దగ్గరికి వచ్చాడు.

"ఇంతకీ ఎవరావిడ? ఇల్లు అమ్మినవాళ్ళ చుట్టమా?"

మేస్త్రీ చేతులు తుడుచుకున్నాడు.

"ఈ రేకులు అంటించినాయన భార్యండీ, ఏ ఏ ఇళ్ళకి ఇలా తూతూమంత్రంగా చేశాడో పోయేముందు ఆవిడకి చెప్పి పోయాడు, వాటిల్లో మీదే ఆఖరిది."